చేపలు ఏ గంటకు చచ్చాయి? - ఒక చెరువు డైరీ

ఆగస్టు 11

ఈ డైరీలో ఊరి పేరూ చెరువు పేరూ రాయడం లేదు. తగాదా ఇంకా నడుస్తోంది, ఇరువర్గాల వారూ మాకు కావలసినవారే. కర్నూలు నుంచి కోడుమూరు వైపు పోయే దారికి ఒక పక్కగా, నల్లరేగడి చేల నడుమ ఉన్న చెరువు అని చెబితే చాలు. మూడు రోజులు మబ్బు పట్టి, గాలి లేక ఉక్కబోసిన తర్వాత, ఈ నెల 6వ తేదీ తెల్లవారేసరికి ఆ చెరువులో బొచ్చెలు, శీలవతులు గట్టు పొడవునా వెల్లకిలా తేలి కనిపించాయి. మధ్యాహ్నానికల్లా ఊళ్లో మూడు వాదాలు తయారయ్యాయి. పైన పత్తి చేలలో కొట్టిన మందు వానకు కొట్టుకొచ్చి చేపలను చంపిందని మత్స్యకార సంఘం వారు అన్నారు. సంఘం వారే బండ్లకొద్దీ కోళ్ల ఎరువు పోసి నీళ్లు చెడగొట్టుకున్నారని రైతులు అన్నారు. ఇవేవీ కావు, ఎన్నికల నాటి కక్షతో ఎవరో రాత్రిపూట విషం కలిపారని మూడో వాదం; అది చెప్పేవారు తక్కువే అయినా గొంతు మాత్రం వారిదే పెద్దది.

మేం నలుగురం. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఒక టీచరమ్మ, డిగ్రీ చదువుతున్న ఇద్దరు కుర్రవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకరిది ఆ ఊరే. సంఘంలో అతని మేనమామ సభ్యుడు. ఈ సంగతి మొదటి రోజే పుస్తకంలో రాసుకున్నాం, ఎందుకంటే తర్వాత ఎవరో ఒకరు దాన్ని ఎత్తకుండా ఉండరు.

మేం వెళ్లేసరికి చచ్చిన చేపలను గోతిలో వేసి, బ్లీచింగు పొడి చల్లి పూడ్చేశారు. నీటి నమూనా ఎవరూ తీయలేదు. మిగిలినవి మనుషుల జ్ఞాపకాలే కనుక ముందు వాటినే నమోదు చేయాలని నిర్ణయించుకున్నాం.

ఆగస్టు 13

రెండు రోజుల్లో ఇరవై ముగ్గురిని అడిగాం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగడం మా మొదటి నియమం. పదిమందిని ఒకచోట చేర్చి అడిగితే, అందరికంటే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే పావుగంటలో అందరి జ్ఞాపకం అయిపోతుంది. 2009 అక్టోబరు వరదల తర్వాత కర్నూలు టీ అంగళ్లలో ఇది నేను కళ్లారా చూశాను. నీళ్లు మా వీధిలోకి ఏ గంటకు వచ్చాయన్నదాని మీద నెల తిరిగేసరికి వీధంతా ఒకే మాట చెప్పేది. మా ఇంటి గోడ మీది చారిక మాత్రం ఆ మాటతో ఏకీభవించేది కాదు.

"ఎందుకు చచ్చాయి?" అని ఎవరినీ అడగకూడదన్నది రెండో నియమం. ఏ చేప, ఎంత పెద్దది, ఏ పక్కన, మొదట ఎన్ని గంటలకు కనబడింది, ఏవి బతికి ఉన్నాయి, నీళ్ల రంగు ఎలా ఉంది, వాసన ఎలా ఉంది: ఇవే అడిగాం. ఎందుకు అన్న ప్రశ్న వేయగానే మనిషి తాను చూసినదాన్ని పక్కన పెట్టి తన పక్షం అందుకుంటాడు.

జవాబులను బల్ల మీద పరిచి చూసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. మాట్లాడుకోవడం మానేసిన రెండు వర్గాలవారు కూడా చూసిన విషయాలలో దాదాపు ఒకటే చెప్పారు. మొదట తేలినవి రెండు, మూడు కిలోల బొచ్చెలు. చిన్న చేపపిల్లలు చాలావరకు బతికే ఉన్నాయి. కొర్రమీనుకు, మార్పు అనే చేపకు ఏమీ కాలేదు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. వల తీయడానికి పుట్టిలో వెళ్లిన ఒకాయన నాలుగు గంటలకే చేపలు నీటిపైన నోళ్లు తెరుచుకుని ఉండడం చూశానన్నాడు. సాయంత్రం చేపలు చచ్చాయని ఇరవై ముగ్గురిలో ఒక్కరూ అనలేదు. తగాదా అంతా చూసినదానికి అర్థం చెప్పుకోవడం దగ్గర మొదలవుతోందన్న మాట.

ఆగస్టు 15

పనిముట్లు. నీటి పారదర్శకత చూడడానికి ఇరవై సెంటీమీటర్ల స్టీలు పళ్లెం తీసుకుని, దాన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేసి, నడుమ తాడు కట్టి, తాడుకు ఐదేసి సెంటీమీటర్లకు ఒక ముడి వేశాం. దీనిని సెక్కీ బిళ్ల అంటారు. ఆంజెలో సెక్కీ ఇటలీ దేశపు మతాచార్యుడు, పైగా ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1865లో పోపు గారి ఓడ మీద మధ్యధరా సముద్రంలో తెల్లటి బిళ్లలను దింపి, అవి ఏ లోతున కంటికి కనబడకుండా పోతాయో కొలిచాడు. సముద్రం కోసం పుట్టిన పనిముట్టు నూట అరవై ఏళ్ల తర్వాత కోడుమూరు దారిలోని చెరువులో మునిగింది. మా చెరువులో అది పద్దెనిమిది సెంటీమీటర్లకే కనబడకుండా పోయింది. అంటే మోచేతి లోతు కూడా లేదు. నీళ్లలో అంత పాచి ఉంది.

కరిగిన ఆక్సిజన్ కొలవడానికి మీటరు కొనే స్తోమత లేదు. పాత పద్ధతే మేలనుకున్నాం. హంగరీకి చెందిన లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి అది. మూడు వందల మిల్లీలీటర్ల గాజు సీసాలు పన్నెండు, మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం థయోసల్ఫేట్, గంజి ద్రావణం సమకూర్చుకున్నాం. ఆమ్లం ఉన్న పెట్టెకు తాళం వేసి, తాళంచెవి టీచరమ్మ దగ్గర ఉంచాం. గట్టు మీద పిల్లలు ఎప్పుడూ గుంపుగానే ఉంటారు.

ఆగస్టు 17

ఈ రోజు చేసిన పొరపాటును దాచకుండా రాస్తున్నాను.

ఉదయం పదిన్నరకు చెరువు చేరి, మూడు చోట్ల నమూనాలు తీసి, లీటరుకు సగటున 8.9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్నట్టు లెక్క తేల్చాం. ముప్పై డిగ్రీల వేడి ఉన్న మంచినీరు గాలి నుంచి పీల్చుకుని నిలుపుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే కనుక, ఇది కావలసినదానికంటే ఎక్కువే. మా కుర్రవాడు గట్టు మీదే "ఆక్సిజన్ బాగానే ఉంది" అని పైకి అనేశాడు. గంట గడవకముందే ఆ మాట రచ్చబండకు చేరి, "నీళ్లల్లో ఏ దోషమూ లేదని సార్లే చెప్పినారు, ఇంక విషం కాక ఇంకేముంది?" అనే రూపం తీసుకుంది. సంఘం వారు దాన్ని మందుల వాదానికి వాడుకున్నారు, కక్ష వాదులు కక్షకు వాడుకున్నారు. ఒకే అంకె రెండు జెండాలు పట్టుకుని ఊరేగింది.

సామాను సర్దుకుంటుండగా, మొదటి రోజు నుంచీ దూరంగా కూర్చుని బీడీ కాలుస్తూ మమ్మల్ని చూస్తున్న పెద్దాయన లేచి వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. పుట్టి నడిపిన చేతులు.

"సార్, మీరు ఆఫీసోళ్ల మాదిరి పొద్దెక్కినాక వస్తే చేప ఏం చెబ్తాది? అవి సచ్చింది తెల్లారుజామున. మీరు చూస్తాండేది ఎండపొద్దున. కోడి కూయక ముందు రాండి, అప్పుడు చూడండి నీళ్ల సంగతి."

నేను తరగతిలో ముప్పై సార్లు చెప్పిన పాఠమే అది. పాచి పగలు వెలుతురులో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి చేపలతో పాటు తానూ పీల్చుకుంటుంది. అందువల్ల చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. మబ్బు పట్టిన రోజుల్లో పగటి రాబడి తగ్గి రాత్రి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. ఇదంతా తెలిసి కూడా, బస్సు పదింటికి ఉంది కనుక పదిన్నరకు కొలిచాం.

ఆగస్టు 19

రాత్రి ఆ ఊళ్లోనే పడుకుని, నాలుగున్నరకు గట్టు ఎక్కాం. మబ్బుల చాటున చంద్రుడు లేడు. సంఘం వారు నలుగురు, రైతులు ఇద్దరు, పెద్దాయన వచ్చారు. ఎవరినీ మేం పిలవలేదు. పెద్దాయనే పిలిచాడని తర్వాత తెలిసింది.

టార్చి వెలుతురులో నీటి మీద చిన్న చిన్న వలయాలు కనిపించాయి. వాన చినుకులనుకున్నాం. దగ్గరికి పోతే అవి నోళ్లు. వందల చేపలు మూతులు పైకెత్తి, నీటి పై పొరను గుటకలు వేస్తున్నాయి. చప్పుడు కూడా వినిపిస్తుంది, ఎవరో చీకట్లో మెల్లగా పెదవులు చప్పరిస్తున్నట్టు.

నాలుగు గంటల యాభై నిమిషాలకు మొదటి సీసా ముంచాం. బుడగ ఒక్కటి కూడా లోపల మిగలకుండా మూత బిగించడం ఈ పనిలో అన్నింటికంటే కష్టం. మాంగనీస్ సల్ఫేట్, ఆపైన క్షార అయోడైడ్ అడుగున వదిలి సీసాను తలకిందులు చేసి కలిపాం. నీటిలో ఆక్సిజన్ ఉంటే ఈ దశలో బెల్లపు పాకం రంగులో గోధుమ అవక్షేపం దిగుతుంది. లేకపోతే తెల్లగా, విరిగిన పాలలా ఉండిపోతుంది. టీచరమ్మ సీసాను టార్చి ముందు పెట్టింది. దాదాపు తెలుపు. అడుగున ఎక్కడో టీ మరక అంత లేత రంగు. పక్కనే, గట్టు కింద బోరు నీటిని ధారగా చాలాసేపు పారించి పట్టిన సీసాను పెట్టి చూపించాం; అది ముదురు గోధుమ రంగులో ఉంది. లెక్కలు తర్వాత. రెండు సీసాలను చేతులు మార్చుకుంటూ రైతు ఒకాయన, సంఘం అధ్యక్షుడు ఒకే టార్చి కింద తలలు ఆనించి చూశారు. చేపలు చచ్చిన రోజు నుంచి వారిద్దరికీ మాటలు లేవని నాకు తర్వాత చెప్పారు. అప్పుడు కూడా మాట్లాడుకోలేదు, సీసా మాత్రం అందించుకున్నారు.

ఆ రోజు కొలతలు ఇలా ఉన్నాయి. తెల్లవారుజామున 4.50కి లీటరుకు 1.4 మిల్లీగ్రాములు, 6.30కి 1.9, తొమ్మిదింటికి 4.6, పన్నెండింటికి 8.8, మధ్యాహ్నం మూడింటికి 11.2, సాయంత్రం ఆరింటికి 9.7. మూడు మిల్లీగ్రాముల కంటే తగ్గితే బొచ్చె, శీలవతి వంటి చేపలు ఇబ్బంది పడతాయి, ఒకటికి దగ్గరపడితే బతకడం కష్టం. శరీరం పెద్దదైన కొద్దీ ముందు చావడం ఆక్సిజన్ కొరత లక్షణం. కొర్రమీనూ మార్పూ గాలిని నేరుగా పీల్చగలిగిన చేపలు కనుక వాటికి ఇది లెక్కలోకి రాదు. ఇరవై ముగ్గురు చెప్పిన జ్ఞాపకాలన్నీ ఈ అంకెల పక్కన పెడితే ఒకదానితో ఒకటి అతికాయి.

ఆగస్టు 22

అతికాయి కదా అని తీర్పు చెప్పడానికి లేదు. ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చి ఉంటాయన్నది బలమైన అనుమానమే కానీ, నీళ్లను అంత పచ్చగా చేసింది ఎవరన్న ప్రశ్న అలాగే ఉంది. కోళ్ల ఎరువు పాచికి బలం. పొలాల నుంచి కొట్టుకొచ్చే డీఏపీ ఎరువు కూడా పాచికి బలమే. ఊరి మురుగు వంక ద్వారా ఇదే చెరువుకు చేరుతుంది, ఆ సంగతి మాత్రం మూడు వర్గాల్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే అందరూ బాధ్యులవుతారు మరి.

పురుగుమందు అవశేషాల పరీక్ష మా చేతుల్లో లేదు. కానీ పురుగుమందు కలిసిన నీళ్లలో చేపకంటే ముందు పోయేవి పురుగు జాతులు, రొయ్య జాతులు. అందుకని ఒడ్డు వెంట పది చోట్ల, ఒక్కో చోట పదిసార్లు చేతివలతో నీటి మొక్కలను దులిపి చూశాం. నీటి మీద పరుగెత్తే పురుగులు, తూనీగ పిల్లలు, నత్తలు దండిగా ఉన్నాయి. రెక్కల పురుగులు పక్క కుంటల నుంచి మళ్లీ ఎగిరి రావచ్చు కనుక వాటిని సాక్ష్యంగా తీసుకోలేదు. వేలి గోరంత ఉండే మంచినీటి రొయ్యపిల్లలు ఎగరలేవు. అవి తొమ్మిది చోట్ల దొరికాయి. పదో చోట, వంక వచ్చి చెరువులో కలిసే మూలన, ఒక్కటీ దొరకలేదు. అక్కడ నీటి మొక్కలు తక్కువ కావడం వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పుస్తకంలో ఆ గడికి ఎర్ర సిరా చుక్క పెట్టాం.

ఆగస్టు 27

వానకు బయటికి పోవడం కుదరలేదు. ఇంట్లో కూర్చుని, సముద్ర జీవులను గమనించడం వల్ల తగాదాలు ఎలా మలుపు తిరిగాయో కుర్రవాళ్లకు చెప్పాను. రాయలసీమలో సముద్రం గురించి మాట్లాడడం ఎందుకని అడగవచ్చు. కొలతల చరిత్ర అక్కడ ఎక్కువగా ఉంది, అందుకు.

నాకు ఎంతో ఇష్టమైనది నత్త కథ. 1970 ప్రాంతంలో ఇంగ్లండు దక్షిణ తీరంలోని ప్లిమత్ దగ్గర, డాగ్ వెల్క్ అనే రాతి నత్తలను పరిశీలిస్తున్న స్టీఫెన్ బ్లేబర్, ఆడ నత్తల్లో మగ అవయవం వంటి పెరుగుదల ఉందని, ఓడరేవుకు దగ్గరైన కొద్దీ అది ఎక్కువగా కనిపిస్తోందని నమోదు చేశాడు. అప్పటికి అది ఏ తగాదాలోనూ భాగం కాదు. ఒక మనిషి నత్తలను విప్పి చూసి రాసుకున్న వింత మాత్రమే. అదే దశకంలో ఫ్రాన్సులోని ఆర్కషోన్ అఖాతంలో ఆల్చిప్పల పెంకులు అసహజంగా మందమై, పిల్లలు నిలబడక, సాగుదారులు నష్టపోయారు. పడవల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగులోని ట్రైబ్యూటైల్ టిన్ అనే రసాయనం వైపు వేలు తిరిగింది. పడవల వారికి ఆ రంగు ఎంతో లాభం, దాన్ని అమ్మేవారికి ఇంకా లాభం. అంత పలచని మోతాదు ఏం చేస్తుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. లీటరు నీటిలో ఒక గ్రాములో వంద కోట్ల వంతు మోతాదుకే ఆడ నత్తలో మార్పు వస్తుందని పరిశోధకులు తేల్చేసరికి ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. ఫ్రాన్సు 1982లో, బ్రిటన్ 1987లో చిన్న పడవలకు ఆ రంగును నిషేధించాయి. ఓడలన్నిటికీ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో ఆమోదం పొంది 2008లో అమలులోకి వచ్చింది. నత్తను చూసిన నాటి నుంచి లెక్కేస్తే దాదాపు నలభై ఏళ్లు.

"నలభై ఏండ్లా సార్? మనోళ్లకు అంత ఓపిక యాడుంటాది?" అన్నాడు ఊరి కుర్రవాడు. నిజమే. అందుకే దీన్ని విజయగాథగా చెప్పడం నాకు ఇష్టం ఉండదు. నాకు అందులో పనికొచ్చేది వేరే. ఆ నత్తల గురించి రాసుకున్నది రసాయనం మీద అనుమానం పుట్టక ముందే ఉంది. తగాదా పుట్టాక తీసే కొలతను ఎదుటి పక్షం నమ్మదు, మా 8.9కి పట్టిన గతే దానికీ పడుతుంది.

రెండోది కాడ్ చేప కథ, ఇది మాలాంటి కొలిచేవాళ్లకు చెంపపెట్టు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1980ల్లో ఒడ్డుకు దగ్గరగా వేటాడే చిన్న పడవల వారు చేప తగ్గుతోందని మొత్తుకున్నారు. శాస్త్రజ్ఞుల అంచనాలు దూర సముద్రంలో చేసే సర్వేల మీద, పెద్ద ట్రాలర్లకు పడే చేప లెక్కల మీద ఆధారపడ్డాయి. చేప తగ్గిన కొద్దీ మిగిలినవి గుంపుగా చేరతాయి, ఓడలకు వాటిని వెతికి పట్టే పరికరాలు ఉన్నాయి. అందువల్ల చేప తరిగిపోతున్నా ఓడల లెక్క బాగానే కనిపించింది. 1992 జులై 2న వేటను పూర్తిగా ఆపేశారు. సుమారు ముప్పై వేల మంది పని పోయింది. రెండేళ్లు అనుకున్న నిషేధం 2024 దాకా సాగింది.

ట్రాలర్ల లెక్క అబద్ధం కాదు, మా 8.9 కూడా అబద్ధం కాదు. రెండూ తప్పు చోట, తప్పు వేళ తీసిన నిజాలు. పెద్దాయన లేకపోతే మేమూ ఆ అంకెతోనే ఇంటికి పోయేవాళ్లం.

ఆగస్టు 31

కడప నుంచి పాత సహాధ్యాయి వచ్చాడు. రోజంతా మా పట్టికలు తిరగేసి, "మీరు ఊరికి అంకెలు చెబుతున్నారు, చూపించడం లేదు" అన్నాడు. కలివి కోడి సంగతి ఎత్తాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చితో దాన్ని పట్టింది స్థానిక వేటగాడు. తర్వాత దాని ఉనికిని కనిపెట్టడానికి పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, రాత్రి పడిన అడుగుజాడలను ఉదయం చదివేవారు, కెమెరాలు కూడా పెట్టారు. తెలుగుగంగ కాలువ పని దాని పొదల్లోకి వచ్చినప్పుడు గొడవ పెద్దదైంది. సీమకు నీళ్లా, పిట్టా అన్న మాట ఆ రోజుల్లో ఎన్నిసార్లు విన్నామో. పిట్ట ఎక్కడ తిరుగుతోందో చూపించే ఆధారాలు ఉన్నందువల్ల చర్చ కాలువ కావాలా వద్దా అన్నదాని నుంచి ఏ దారిన పోవాలన్నదానికి మారింది. చివరికి కాలువ దారి మార్చారు.

ఇది విన్నాక రచ్చబండ పక్క గోడకు నల్లరంగు పూసి బోర్డు చేశాం. తేదీ, వేళ, ఆక్సిజన్, బిళ్ల లోతు, మబ్బు ఉందా లేదా. రోజూ తెల్లవారుజామున నమూనా తీయడానికి సంఘం నుంచి ఒకరు, రైతుల నుంచి ఒకరు ఉండాలన్నది షరతు. ఒక్కరే వస్తే ఆ రోజు గడి ఖాళీ.

సెప్టెంబరు 8

గ్రామసభ. నాలుగు గంటలు సాగింది, అందులో మూడు గంటలు రాయదగినది ఏమీ లేదు.

మేం పట్టిక చదివాం. సంఘం వారు నష్టపరిహారం మాటేమిటని అడిగారు. ఎవరు ఎంత ఇవ్వాలన్నది సీసాలో తేలే విషయం కాదని చెప్పాను. అది నచ్చక ఇద్దరు లేచిపోయారు. వెనుక నుంచి ఒకాయన "వాళ్ల పిల్లోని మేనమామ సంఘంలో ఉండాడు, సార్లు వాళ్ల పక్కే" అన్నాడు. మొదటి రోజు రాసుకున్న పేజీ తీసి చదివి వినిపించాం. ఆ మాట అక్కడితో ఆగిపోయిందని అనను, కానీ ఆయన కూర్చున్నాడు.

తేలినవి ఇవి. మబ్బు ఉన్న రోజుల్లో ఎరువు వేయబోమని, బోర్డు మీద తెల్లవారుజాము అంకె రెండుకు తగ్గితే డీజిల్ ఇంజన్ పెట్టి నీళ్లు ఎత్తి చెరువులోనే చిమ్మిస్తామని సంఘం ఒప్పుకుంది. వంక ఒడ్డున గడ్డి వదలాలన్న మాటకు రైతులు ఒప్పుకోలేదు. సెంటు భూమి కూడా వదలలేమన్నారు, వారి కష్టం వారిది. కాకపోతే వంక పక్క పత్తి వేసిన రైతు ఒకాయన, తాను మందు కొట్టిన తేదీ బోర్డు మీద తానే రాస్తానన్నాడు. "దాచేదేముంది, నాది తప్పు కాదని మీ సీసానే చెప్పింది కదా" అన్నాడు. సీసా అలా చెప్పలేదని అప్పుడు గట్టిగా అనవలసింది. అనలేదు.

సెప్టెంబరు 16

ఉదయం 3.40కి ఫోను. పెద్దాయన.

"సార్, నీళ్ల వాసన మారింది. సీసాలు తీసుకొని రాండి."

రెండు రోజులుగా ముసురు. మేం చేరేసరికి అయిదున్నర. పెద్దాయన వాసన ఆధారంగానే సంఘం వారు రెండింటి నుంచి ఇంజన్ నడుపుతున్నారు. ధార పడుతున్న చోట చేపలు ఒకదాని మీద ఒకటి ఎక్కేంత దట్టంగా చేరాయి. ధార దగ్గర 2.6, ఎదుటి ఒడ్డున 0.8. చచ్చినవి పదకొండు, అన్నీ పెద్ద బొచ్చెలే, అన్నీ ఎదుటి ఒడ్డునే. బోర్డు మీద అంకె రాసేటప్పుడు రైతుల తరఫు మనిషి పదకొండును రెండుసార్లు లెక్కపెట్టించాడు. వాసన ఎలా మారిందో చెప్పమని పెద్దాయనను అరగంట అడిగాం. "తడిసిన గోనెసంచి మాదిరి" అన్నాడు. అది కూడా పట్టికలో ఒక గడి అయింది.

సెప్టెంబరు 21

ఎర్ర చుక్క పెట్టిన మూలను ఆ మధ్య రెండుసార్లు చూశాం. సెప్టెంబరు 4న అక్కడ ఆరు రొయ్యపిల్లలు, 12న తొమ్మిది దొరికాయి. మొక్కలు తక్కువ కావడం వల్ల రాలేదన్న మా ఊహకు అవి అడ్డం వచ్చాయి, అయినా సంతోషించి ఊరుకున్నాం.

18వ తేదీ పక్కన బోర్డు మీద పత్తి రైతు తన చేతిరాతతో "మందు కొట్టినాను" అని రాశాడు. 19 రాత్రి పెద్ద వాన. ఈ రోజు ఉదయం మూలన పదిసార్లు వల దులిపాం, ఒక్క రొయ్య లేదు. చోటు మార్చి ఇంకో పదిసార్లు దులిపాం. లేదు. మిగతా తొమ్మిది చోట్ల ఎప్పటిలాగే ఉన్నాయి. ఆక్సిజన్ ఆ మూలన 3.1, అంటే మిగతా చెరువు కంటే మెరుగు.

చెరువంతా చేపలు చచ్చింది దీనివల్ల అని ఇది చెప్పదు. వంక నుంచి ఏమీ రావడం లేదని కూడా ఇక చెప్పలేం. ఆ రైతు తేదీ రాయకపోతే ఈ మూడు అంకెలకూ అర్థమే ఉండేది కాదు, రాసినందుకు ఇప్పుడు ఊరు ఆయన వైపే చూస్తుంది. బోర్డు మీద రాసే ముందు ఆయనకు చెప్పాలని టీచరమ్మ, అందరికీ ఒకేసారి తెలియాలని కుర్రవాళ్లు. మధ్యాహ్నం దాకా వాదించుకుని, నమూనా తీసిన మూలకు ఆయన్నే తీసుకుపోయి, వల ఆయన చేతికే ఇచ్చాం. ఆయన పన్నెండుసార్లు దులిపాడు. తర్వాత గట్టెక్కి, చేతులు తుడుచుకుని, సుద్దముక్క అడిగి, రొయ్యల గడిలో తానే సున్నా చుట్టాడు.

అదే మందు పైన ఇంకో నలుగురు కొడతారని, వారి తేదీలు కూడా గోడ మీద ఉండాలని ఆయన పట్టు. వారిని అడగడానికి రేపు సాయంత్రం ఆయనతో కలిసి వెళ్తున్నాం.